పెట్రోలు రంపానికి పనిముట్లు

బైర్లూటి కలప డిపో,
ఆత్మకూరు తాలూకా,
12-1-1954

గురప్ప మామ గారికి మేనల్లుడు నరసన్న దండాలు పెట్టి రాసేది.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. జ్వరం రాలేదు. అమ్మ మొదట అడిగేది అదే కాబట్టి ఈ మాట ఆమెకు ముందు చదివి వినిపించండి. నల్లమలలో చలి ఎక్కువగా ఉంది. పొద్దున ఎనిమిది దాకా మంచు విడవదు. దుప్పటి చాలడం లేదు గాని మీరేమీ పంపవద్దు. ఆత్మకూరు సంతలో కంబళి కొంటాను.

కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి కలపకు గిరాకీ పెరిగింది. అక్కడ కచేరీలు గుడారాల్లో నడుస్తున్నాయట. దూలాలు, వాసాలు, తలుపు చెక్కలు ఎన్ని పంపినా ఇంకా కావాలంటున్నారు. చేతిరంపాలతో పని సాగదని మా కాంట్రాక్టరు ఓబులరెడ్డి గారు మద్రాసులో మిలిటరీ సామాను వేలంలో పెట్రోలు రంపం ఒకటి కొన్నారు. మీరు మిలిటరీ వర్క్‌షాపులో ఉన్నప్పుడు అస్సాంలో చూశానని చెప్పిన రకమే. ఒక కొసన ఇంజను, రెండో కొసన పట్టుకోవడానికి పిడి, నడుమ పళ్ళ గొలుసు. ఇద్దరు మనుషులు కావాలి. పిడి పట్టేది దావీదురాజు. నందికొట్కూరు మనిషి. ఎంత బరువైనా నవ్వుతూ మోస్తాడు.

ఇంజను తోలేది వెలుగోడు మారెన్న. డిసెంబరులో ఆయనకు అడవి జ్వరం తగిలి ఇంటికి పోతే రెడ్డి గారు నన్ను తోలమన్నారు. మూడేండ్లు మీ ఇంటి వసారాలో ఆయిలింజన్లు విప్పినవాణ్ణని మీరు రాసిచ్చిన ఉత్తరం ఆయన దగ్గర ఉంది కదా. మొదటి రోజు బాగా కోసింది. రెండో రోజు మధ్యాహ్నం ఆగిపోయింది. మళ్ళీ పలకలేదు. మారెన్న జ్వరం తగ్గి తిరిగి వచ్చేసరికి, నువ్వే చెడగొట్టి పోయినావని రెడ్డి గారు ఆయన్ను పనిలో నుంచి తీసేశారు.

ఇప్పుడు సంగతి ఏమంటే, ఉగాది లోపల రంపం తిరిగితే నేనే డ్రైవరును. తిరగకపోతే దాన్ని కర్నూలు పాత ఇనుప సామాను వాళ్ళకు తూకానికి వేస్తారు. నన్ను ఇంటికి పంపిస్తారు. మద్రాసు నుంచి మెకానిక్కును పిలిపించమని ఎవరో అంటే రెడ్డి గారు, "వీని మామ ఉండాడు గదప్పా. ఆయప్పను మించినోడు మద్రాసులో యాడుండాడు?" అన్నారు. అందుకని నేను ధైర్యంగా ఒప్పుకున్నాను. ఈ ఇంజను నేను బాగుచేస్తాను. నా దగ్గర ఉన్నవి రెండు పానాలు, ఒక సుత్తి, ఒక స్క్రూడ్రైవరు. ఇంకేమి కావాలో మీరు చెబితే చాలు.

మళ్ళీ మగ్గం గుంటలోకి దిగే ఆలోచన నాకు లేదు. ఈ వాక్యం అమ్మకు చదవవద్దు.

మీ అల్లుడు
నరసన్న


మాధవరం,
19-1-1954

నరసన్నా,

జాబు అందింది. చదవవద్దన్న వాక్యం తప్ప అంతా మీ అమ్మకు చదివాను. ఆ వాక్యం దగ్గర నేను దగ్గాను. దగ్గు ఎందుకో ఆమెకు అర్థమైపోయింది. మూడు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

మొదట ఆ సుత్తిని తీసి కంటికి కనపడకుండా పెట్టు. అది చిన్న ఇంజను. మన కిర్లోస్కరు ఆయిలింజను మాదిరి ఓర్చుకోదు. తాడు లాగితే తిరిగే చక్రం మీద ఒక దెబ్బ పడితే లోపలి ఇరుసు వంగుతుంది. వంగిన ఇరుసును సరిచేసే మనిషి ఈ రెండు జిల్లాల్లో లేడు. నేనూ కాదు.

రెండు సంగతులు చూసి రాయి. ప్లగ్గు ఊడదీసి, తీగ తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి తాడు లాగితే నిప్పు పడుతుందా లేదా. చక్రం చేత్తో తిప్పితే సులువుగా తిరుగుతుందా లేదా. నిప్పు పడకపోతే లోపం చక్రం కింద ఉంటుంది. చక్రాన్ని ఇరుసు మీద నుంచి లాగడానికి పుల్లరు కావాలి. బజారులో దొరకదు, నేను చేసి పంపుతాను. చక్రం ముఖం మీద రెండు మర రంధ్రాలు ఉంటాయి. వాటి నడుమ దూరం జాగ్రత్తగా కొలిచి పంపు. పుల్లరులో ఉన్నదంతా ఆ దూరమే.

ఇక్కడ పెన్నలో నీళ్ళు అప్పుడే సన్నబడినాయి. బావుల్లో ఇంజన్లు పగలంతా పనిచేస్తున్నాయి గనుక నా వసారాకు రాకపోకలు తక్కువ. చెడిపోయినప్పుడే నా ముఖం చూస్తారు. అదీ మంచిదే.

జ్వరం మాత్రలు మానవద్దు.

మామ
గురప్ప


బైర్లూటి,
27-1-1954

గురప్ప మామ గారికి నరసన్న దండాలు.

మీరు చెప్పినట్టే ప్లగ్గు ఊడదీసి చూశాను. నిప్పు పడటం లేదు. రవ్వ కూడా లేదు. కాబట్టి మీరన్నట్టు లోపం చక్రం కిందనే.

రెండు రంధ్రాలు ఉన్నాయి. వాటికి పట్టే బోల్టులు రంపం పెట్టెలోనే దొరికాయి. స్కేలు మాత్రం ఇక్కడ లేదు. రెడ్డి గారి దగ్గర ఉన్న టేపు దుంగలకు పనికొచ్చేదే గాని ఇంత చిన్న కొలతకు పనికిరాదు. నేను ఇంటి నుంచి వచ్చేటప్పుడు మగ్గం పన్నె ముక్క ఒకటి సంచిలో వేసుకున్నాను. దువ్వెన లేకపోతే తల దువ్వుకోవచ్చని. పళ్ళన్నీ సమానంగా ఉంటాయి గనుక దాన్ని రంధ్రాల మీద ఆనించి లెక్కపెట్టాను. నడిమి నుంచి నడిమికి సరిగ్గా అరవై పళ్ళు. మూడుసార్లు లెక్కపెట్టాను. దావీదురాజు కూడా లెక్కపెట్టాడు. నేత పన్నెతో ఇంజను కొలిచేవాణ్ణి ఇంతవరకు చూడలేదని నవ్వాడు. పోగు పోగుకూ కొలత ఉన్న ఇంట పుట్టినవాణ్ణి, నాకు స్కేలెందుకని నేనూ అన్నాను.

ఈ పక్క చెంచులు మంచి తేనె తెస్తున్నారు. అమ్మకు ఒక సీసా ఉంచాను. పంపే మనిషి దొరకాలి. పులి వచ్చిందని పోయిన వారం రెండు రోజులు కూలీలు అడవిలోకి పోలేదు. అది పులి కాదు, రేసుకుక్కలు. నేను చూశాను.

పుల్లరు తొందరగా పంపండి. రెడ్డి గారు రోజూ ఆ షెడ్డు ముందు ఆగి ఒకసారి చూసి పోతున్నారు.

మీ అల్లుడు
నరసన్న


మాధవరం,
10-2-1954

నరసన్నా,

పుల్లరు ఈ జాబుతో పాటు పార్సిలులో వస్తోంది. బస్సు స్ప్రింగు పట్టా ముక్క కడప నుంచి తెప్పించి చేశాను. పట్టా ఉక్కు గట్టిది. రంధ్రాలు వేయడానికి రెండు రోజులు పట్టింది. మీ ఇంటి చీరల పన్నెకు అంగుళానికి ముప్పై పళ్ళు. అరవై అంటే రెండంగుళాలు. ఆ లెక్కకు వెంట్రుక తేడా లేకుండా వేశాను.

వాడే పద్ధతి: పట్టాను చక్రం మీద పెట్టి రెండు బోల్టులూ చేత్తో బిగించు. పానా వద్దు. తర్వాత నడిమి బోల్టు ఇరుసు మొనకు తగిలేదాకా తిప్పు. అక్కడి నుంచి పావు చుట్టు తిప్పి ఆగు. బీడీ తాగేంత సేపు ఆగు. నువ్వు బీడీ తాగవని మీ అమ్మ నమ్మకం, కాబట్టి ఊరికే ఆగు. మళ్ళీ పావు చుట్టు. ఏదో ఒక పావు చుట్టుకు టక్కుమని వదులుతుంది.

చక్రం తిరిగేదీ లేనిదీ నువ్వు రాయలేదు.

మామ
గురప్ప


బైర్లూటి,
19-2-1954

గురప్ప మామ గారికి నరసన్న దండాలు.

పార్సిలు అందింది. పనితనం చూసి ఇక్కడ అందరూ మెచ్చుకున్నారు. రెడ్డి గారు దాన్ని చేత్తో పట్టుకుని, ఇది అంగట్లో కొన్న సామానేమో అన్నారు. కాని మామా, అది చక్రానికి పట్టలేదు. మీ రంధ్రాలు దగ్గరగా ఉన్నాయి. అర అంగుళం దాకా తక్కువ. అందరి ముందర పెట్టి చూశాను, అందరి ముందరా పట్టలేదు. దావీదురాజు ఊరుకోక, "మీ మామ మద్రాసోళ్ళకంటే గట్టోడన్నారు గదన్నా. ఇది యాడి చక్రానికి చేసినాడో" అన్నాడు.

నేను కొలిచి పంపింది అరవై పళ్ళు. ఇప్పుడు మళ్ళీ లెక్కపెట్టినా అరవయ్యే. తప్పు నా వైపు లేదు. మీరు కోపం తెచ్చుకోవద్దు గాని, మీ కళ్ళద్దాలు తీసుకుని ఆరేండ్లయింది. కడప ఆసుపత్రిలో ఒకసారి చూపించుకుంటే మంచిది.

సుత్తి చేతికి తీసుకున్నాను. కొట్టలేదు.

ఉగాది ఎంతో దూరం లేదు. పుల్లరు మళ్ళీ చేయగలరా లేదా వెంటనే రాయండి.

మీ అల్లుడు
నరసన్న


మాధవరం,
26-2-1954

నరసన్నా,

నా కళ్ళు బాగున్నాయి. సూదిలో దారం మీ అమ్మకంటే ముందు ఎక్కిస్తాను.

నీ జాబు చూసి రెండు రోజులు నేను కూడా నువ్వే లెక్క తప్పావని అనుకున్నాను. మూడో రోజు మీ అమ్మ మజ్జిగ ఇవ్వడానికి వస్తే ఆమెతో చెప్పాను. ఆమె అంతా విని, "చీరల పన్నె ముక్క వానికెట్టొస్తాదన్నా? అది నేను నేస్తాండా గదా. వాడు తీసకపోయింది తువ్వాళ్ళ పన్నెది. వాళ్ళ నాయన పన్నె ఇరిగితే అటకమీద పడేసింటి" అంది. తువ్వాళ్ళ పన్నెకు అంగుళానికి ఇరవై నాలుగు పళ్ళు. అరవై అంటే రెండున్నర అంగుళాలు. నువ్వు సరిగ్గా లెక్కపెట్టావు, నేను సరిగ్గా చేశాను, పుల్లరు తప్పయింది. ఏ పన్నె అని నువ్వు రాయలేదు. ఏ పన్నె అని నేను అడగలేదు. వర్క్‌షాపులో ఇట్లాంటి పని చేసి ఉంటే నన్ను వంటశాలకు పంపేవాళ్ళు.

రెండో పట్టాకు రంధ్రాలు వేయడం మొదలుపెట్టాను. కాని ముందు ఒక మాట.

జనవరిలో నేను రెండు సంగతులు అడిగితే నువ్వు ఒకటి రాశావు. మళ్ళీ గుర్తుచేశాను, మళ్ళీ రాయలేదు. చక్రం తిరగకపోతే నిప్పు ఎట్లా పడుతుంది? పుల్లరు గురించి రెండు జాబులు రాసినవాడికి ఒక్క ముక్క రాయడం కష్టం కాదు. చక్రం తిరుగుతుందా, లేదా. దానికి జవాబు వచ్చేదాకా పట్టా అట్లాగే ఉంటుంది.

గురప్ప


బైర్లూటి,
6-3-1954

మామా,

తిరగదు. మొదటి నుంచీ తిరగదు.

ఇంజనును ఆపింది నేనే. మారెన్న పోయేటప్పుడు నన్ను పిలిచి, పెట్రోలు పదహారు పాళ్ళకు ఒక పాలు ఇంజనాయిలు కలిపి పోయమని చెప్పాడు. ఆయిలు డబ్బా, కలిపే కొలతడబ్బా రెండూ చూపించాడు. నేను తలూపాను గాని నమ్మలేదు. మూడేండ్లు మీ దగ్గర నేర్చుకున్నది ఏమంటే, ఆయిలు చోటు ఆయిలుకు, కిరోసిన్ చోటు కిరోసిన్‌కు. కిరోసిన్ ట్యాంకులో ఆయిలు చుక్క పడినందుకు మీరు నన్ను ఒకసారి వసారా నుంచి బయటికి పొమ్మన్నారు. మారెన్నకు చదువు లేదు, ఎవరో చెప్పింది పట్టుకుని చేస్తున్నాడు, ఇంతకాలం ఇంజను పొగ కక్కడానికి కారణం ఇదే అనుకున్నాను. గొలుసుకు ఆయిలు పోసే చోటు వేరే ఉంది. అందులో పోశాను. ట్యాంకులో ఒట్టి పెట్రోలు పోశాను. పొగ తగ్గింది. చూశావా అని దావీదురాజుతో చెప్పాను కూడా. మరుసటి రోజు మధ్యాహ్నం ఒక పెద్ద ఏగిస మాను సగం కోసిన తర్వాత కీచుమని బిగుసుకుపోయింది.

రెడ్డి గారికి చెబుదామనే అనుకున్నాను. ఆయన తప్పు మారెన్న మీద పెట్టేశారు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. నోరు రాలేదు. మీకు రాస్తే, మీరు చెప్పినట్టే చేశానని రాయాల్సి వస్తుంది. అది రాయడానికి మనసు ఒప్పలేదు. చక్రం లాగి లోపల చూస్తే ఏదో ఒక దారి దొరుకుతుందని, ఎవరికీ తెలియకుండా తిప్పేయవచ్చని అనుకున్నాను.

మారెన్న ఇప్పుడు వెలుగోడు రోడ్డు మీద కంకర కొడుతున్నాడు.

పుల్లరు అక్కరలేదు. ఇంకేమి కావాలో చెప్పండి. ఇంజను తిరిగిన రోజే రెడ్డి గారితో అంతా చెబుతాను.

నరసన్న


మాధవరం,
11-3-1954

నరసన్నా,

నీ జాబు రెండుసార్లు చదివాను. మీ అమ్మ ఏమి రాశాడని అడిగితే చక్రం తిరగలేదట అని చెప్పాను. అంతవరకు చాలు.

ముందు నా సంగతి. ఆయిలు పెట్రోలులో కలిసి పనిచేసే ఇంజన్లు ఉన్నాయని నాకు తెలుసు. అస్సాంలో వాటి డబ్బాలకు ఎర్ర పట్టీ వేసేవాళ్ళం, ఇంకొకరు పొరపాటున ఒట్టి పెట్రోలు పోయకుండా. ఇంటికి వచ్చినాక నా వసారాకు అట్లాంటి ఇంజను ఒక్కటీ రాలేదు. నీకు చెప్పింది మన ఆయిలింజను మాట. అన్ని ఇంజన్లకూ అదే మాట అన్నట్టు చెప్పాను. నువ్వు పెట్రోలు రంపం దగ్గరికి పోతున్నావని తెలిసి కూడా ఉత్తరం రాసిచ్చానే గాని ఈ ఒక్క ముక్క చెప్పలేదు. ఆ తప్పు నాది. రెడ్డి అడిగితే అట్లాగే చెప్పు.

మారెన్న సంగతి నాది కాదు. నీది.

బిగుసుకున్న ఇంజను చచ్చినట్టు కాదు. పిస్టను అల్యూమినియం, అది తిరిగే సిలిండరు పోత ఇనుము. ఆయిలు లేక వేడెక్కి పిస్టను కరిగి సిలిండరుకు అంటుకుని ఉంటుంది. గీకి, రుద్ది, కడిగితే మళ్ళీ తిరుగుతుంది. దీనికి కావలసిన పనిముట్లు మూడు తయారైనాయి. నాలుగోది గొట్టం పానా. సిలిండరు అడుగున నాలుగు నట్లు ఉంటాయి, మామూలు పానా లోపలికి పోదు. ఆ నట్టు మీద కాగితం పెట్టి బొగ్గుతో రుద్ది, ఆ ముద్ర పంపు. పన్నె వద్దు.

పనిముట్లు నా దగ్గరే ఉంటాయి. ముందు రెడ్డితో చెప్పు. మారెన్నతో కూడా చెప్పు. చెప్పినట్టు జాబు వచ్చిన రోజు పార్సిలు కట్టిస్తాను. ఇంజను తిరిగిన తర్వాత చెబుతానన్నావు. తిరగకపోతే చెప్పవన్నమాట.

ఇంజను బాగవుతుంది. నీ ఉద్యోగం ఉంటుందో లేదో నేను చెప్పలేను.

గురప్ప


బైర్లూటి,
18-3-1954

గురప్ప మామ గారికి నరసన్న దండాలు.

చెప్పాను. మీ జాబు వచ్చిన మరుసటి రోజే చెప్పాను.

పొద్దున రెడ్డి గారు దుంగలకు గుర్తు సుత్తి వేయిస్తున్నారు. పదిమంది కూలీలు ఉన్నారు. పక్కకు పిలిచి చెబుదామనుకుని, మళ్ళీ ఎందుకులెమ్మని అక్కడే చెప్పాను. ఆయన గుర్తు వేయించడం ఆపలేదు. ఆ వరస అంతా అయినాక నా వైపు తిరిగి, "మూడు నెల్లు నోట్లో ఏం పెట్టుకోనుంటివప్పా?" అన్నారు. మీ మామ చెప్పమన్నాడా అని అడిగారు. అవునన్నాను. మొదట తప్పు నేర్పింది తానేనని కూడా మామ రాసినాడని చెప్పాను. "ఆయప్ప వొప్పుకున్నాడు. ఇంగ నీకేమి వచ్చింది?" అన్నారు.

బండి కట్టించి వెలుగోడుకు నన్నే పంపారు. మారెన్న రోడ్డు పక్కన కంకర కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు. తిడతాడనుకున్నాను. "ఆయిలు డబ్బా యాడుండాదో సూపిచ్చినా గదప్పా నీకు" అన్నాడు. బండిలో ఆరు మైళ్ళూ ఇద్దరం ఎడ్ల వైపు చూస్తూ వచ్చాము.

ఇప్పుడు ఏర్పాటు ఇది. రంపం తిరిగితే దాని డ్రైవరు మారెన్నే. నేను దుంగ కింది చేతిరంపం గుంటలో చెక్కలు కోస్తున్నాను. మగ్గం గుంట వద్దని వచ్చినవాణ్ణి రంపం గుంటలో నిలబడ్డాను. పని అయినాక పొద్దు మునిగేదాకా, ఆదివారం పూర్తిగా, ఇంజను విప్పుకోవచ్చు. గడువు మారలేదు. ఉగాది దాటితే ఇంజను తూకానికి పోతుంది, నేను ఇంటికి. తిరిగితే నన్ను గుంటలో ఉండనిస్తారు. అంతే.

అయినా విప్పుతాను. నేను ఆపినదాన్ని నేనే తిప్పాలి.

బొగ్గు ముద్ర ఇందులో పెట్టాను. మీరు చెప్పినట్టే నట్టు అంచు నల్లగా పడింది.

మీ అల్లుడు
నరసన్న


మాధవరం,
22-3-1954

నరసన్నా,

జాబు ఈ ఉదయం వచ్చింది. మధ్యాహ్నానికి గొట్టం పానా అయిపోయింది. నీటి గొట్టం ముక్కను ఎర్రగా కాల్చి, నీ ముద్ర కొలతకు సానపట్టిన నట్టు మీద వేసి అన్ని వైపులా కొట్టాను. సాయంత్రం బస్సుకు పార్సిలు పోతోంది. శనివారం నీకు అందాలి.

ప్లగ్గు రంధ్రంలో కిరోసిన్ పోసి ఒక రాత్రి, ఒక పగలు వదిలెయ్యి. తర్వాత తాడు చక్రానికి కట్టెతో సన్నగా అదురు ఇచ్చి అటూ ఇటూ కదిలించు. బలం వద్దు. కదులుతుంది. కదిలినాక గొట్టం పానాతో నట్లు తీసి సిలిండరు పైకి లాగు.

సిలిండరు లోపల వెండి పూత మాదిరి తెల్లటి చారలు ఉంటాయి. అదే కరిగిన పిస్టను. దాన్ని ఇనుముతో గీకితే సిలిండరు పాడవుతుంది. పార్సిలులో చిన్న సీసా ఉంది. మీ అమ్మ నూలు ఉడకబెట్టే కాస్టిక్ సోడా. నువ్వు చిన్నప్పుడు ఆమె పొరపాటున ఆ నీళ్ళు కొత్త అల్యూమినియం గిన్నెలో పోస్తే తెల్లవారేసరికి గిన్నెకు అడుగు లేదు. ఇనుప బాన్లకు మాత్రం ఏమీ కాదు. ఇంజనుకూ అదే లెక్క. నీళ్ళలో కలిపి, కర్రకు చుట్టిన గుడ్డతో ఆ తెల్ల చారల మీద మాత్రం పూయి. నురగ వస్తుంది. నురగ ఆగితే తెలుపు పోయినట్టు. మంచి నీళ్ళతో కడిగి, వెంటనే ఆయిలు పట్టించు. ఆ నీళ్ళు పిస్టను దరిదాపుకు రానీయకు. అదీ అల్యూమినియమే, గిన్నెకు అన్న. దావీదురాజును నీళ్ళ కుండతో పక్కన నిలబెట్టుకో, చేతి మీద పడితే వెంటనే కడగాలి.

తుమ్మ చెక్క గుండు ఒకటి ఉంది, నడుమ చీల్చి మేకు దిగేసినది. దానికి గరుకు ఎమరీ గుడ్డ చుట్టి సిలిండరు లోపల తిప్పు. సిలిండరు కొలత నాకు తెలియదు, అందుకే చీల్చాను. మేకు కొట్టేకొద్దీ గుండు లావవుతుంది. కొలత అడగని పనిముట్టు అది ఒక్కటే. కొక్కెం పిస్టను చుట్టూ ఉండే రింగుల గాడిలో మసి గీకడానికి. రేకు పట్టీ రింగులను నొక్కిపట్టి సిలిండరు లోపలికి ఎక్కించడానికి. రింగులు విరిగితే వేరే లేవు. గుర్తుపెట్టుకో.

పార్సిలులో మురుకులు ఉన్నాయి. మీ అమ్మ పెట్టింది. కాస్టిక్ సీసాకు దూరంగా కట్టించాను.

మామ
గురప్ప


బైర్లూటి,
5-4-1954

గురప్ప మామ గారికి నరసన్న దండాలు.

తిరిగింది.

పార్సిలు శనివారం మధ్యాహ్నమే అందింది. ఆ సాయంత్రం కిరోసిన్ పోశాను. ఆదివారం సాయంత్రానికి చక్రం ఒక అంగుళం కదిలింది. దావీదురాజు నాకంటే ముందు అరిచాడు. సోమవారం సిలిండరు బయటికి వచ్చింది. మీరు రాసినట్టే ఒక పక్క తెల్ల చారలు. కాస్టిక్ పూస్తే బుసబుసమని నురగ పొంగింది. మూడుసార్లు పూయాల్సి వచ్చింది. తర్వాత నల్లటి ఇనుము కనపడింది. తుమ్మ గుండుతో రోజూ ఒక గంట చొప్పున మూడు రోజులు తిప్పాను. వేలితో తడిమితే ఎక్కడా తట్టడం లేదు.

ఒక సంగతి. మీ కొక్కెం గాడిలో పట్టలేదు. ఆయిలింజను రింగులకు సరిపోయే లావు అది. ఈ రింగులు సన్నవి. జాబు రాసి తెప్పించుకునే వ్యవధి లేదు. చేతిరంపం పళ్ళు పదునుపెట్టే ఆకురాయి విరిగినది ఒకటి ఉంటే దాని మొనను బండ మీద అరగదీసి, కాల్చి వంచి, నేనే కొక్కెం చేశాను. మొదటిది విరిగింది. రెండోది నిలిచింది. రింగులు విరగకుండా బయటికి వచ్చాయి.

నిన్న ఉగాది పొద్దున రెడ్డి గారు, అందరూ షెడ్డు ముందర చేరారు. మారెన్న పెట్రోలు డబ్బా, ఆయిలు డబ్బా తెచ్చి నా ముందర పెట్టాడు. "నువ్వే కలుపప్పా. నేను సూస్తాంటా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పదహారు కొలిచి, ఒకటి కొలిచి కలిపాను. ఆయన వంగి వాసన చూసి తలూపాడు. దావీదురాజు తాడు లాగాడు. ఆరుసార్లు ఏమీ లేదు. ఏడోసారి దగ్గింది. ఎనిమిదోసారి పట్టుకుంది. నీలి పొగ వచ్చింది. ఆ పొగను చూసి ఈసారి నేను నోరు మూసుకున్నాను.

మారెన్న ఒక నల్లమద్ది దుంగను కోశాడు. కొత్త సిలిండరు మాదిరి నెమ్మదిగా తోలాడు. ఆయనకు చెప్పాల్సిన పని లేకపోయింది. రెడ్డి గారు కోసిన ముఖం మీద చేయి రాసి, సాయంత్రం ఎక్కడ కోయాలో మారెన్నకు చెప్పి, ఉగాది పచ్చడికి వెళ్ళిపోయారు. నేను గుంటలోకి పోయాను. పండుగ కాబట్టి గుంట పని లేదు గాని ముందు రోజు చెక్క సగంలో ఉంది. సాయంత్రం గుంటలో నుంచి వింటే అడవిలో ఇంజను వినపడుతూనే ఉంది. బరువు పడ్డప్పుడు కూడా తడబడలేదు.

మీ అల్లుడు
నరసన్న


బైర్లూటి,
9-6-1954

గురప్ప మామ గారికి నరసన్న దండాలు.

మీ జాబులు రెండూ అందాయి. పని తీరిక లేక ఆలస్యమైంది. రేపో మాపో వానలు. అడవిలో నరకడం ఆపేశారు. రంపం రెండు నెలలు నిలవకుండా కోసింది. నెలకొకసారి నేను ఇంజను తల విప్పి మసి గీకుతున్నాను. మారెన్న తోలతాడు గాని విప్పడు. విప్పడం నా పని అని ఆయనే రెడ్డి గారితో చెప్పాడట.

పోయిన వారం నంద్యాల వైపు కాంట్రాక్టరు ఒకాయన తన పెట్రోలు రంపాన్ని గోనె పట్టలో చుట్టి బండి మీద పంపించాడు. దాన్ని కూడా ఎవరో ఒట్టి పెట్రోలుతో తోలారు. ఎట్లా తెలిసిందని అడిగాడు బండి మనిషి. తాడు పట్టుకోగానే తెలిసిందన్నాను. రెడ్డి గారు దాన్ని చూసి, "వానాకాలం అంతా గుంటలో ఏం జేస్తావు. ఆ షెడ్డు నువ్వు పెట్టుకో" అన్నారు. జీతం సంగతి తర్వాత అన్నారు. గుంటకు వేరే మనిషి వచ్చాడు.

మీరు పనిముట్లు ఏవైనా కావాలా అని అడిగారు. అక్కరలేదు. ఈ ఇంజను వేరే రకం, చక్రం కింద కూడా లోపం ఉంది. దీనికి పుల్లరు నేనే చేశాను. ఆత్మకూరులో ఉక్కు స్కేలు కొన్నాను. మీరు ఏమీ పంపవద్దు.

తేనె సీసా దావీదురాజు బావమరిది చేత పంపుతున్నాను. అమ్మకు ఇవ్వండి.

నరసన్న


మాధవరం,
17-6-1954

నరసన్నా,

తేనె అందింది. మీ అమ్మ మూత తీసి వాసన చూసి మళ్ళీ బిగించింది. నువ్వు వచ్చినప్పుడు తీస్తుందట.

సరే, ఏమీ పంపను. నాకే ఒకటి కావాలి. ఒంటిమిట్ట నుంచి చిన్న మోటారు సైకిలు ఇంజను ఒకటి వసారాకు వచ్చింది. రింగుల గాడి బాగా సన్నం. నా కొక్కేలు ఒక్కటీ దిగడం లేదు. నువ్వు ఆకురాయితో చేసినట్టిది నేను రెండు చేశాను, రెండూ విరిగాయి. కాల్చినాక నీళ్ళలో ముంచావా, ఆయిలులోనా, రాయి. లేకపోతే ఒకటి చేసి పంపు. గాడి వెడల్పు అంగుళంలో పదహారో వంతు. ఉక్కు స్కేలుతోనే కొలిచాను.

తొందరేమీ లేదు. ఇంజను గల మనిషిని నెలాఖరు దాకా ఆగమని చెప్పాను. మా అల్లుడు చేసి పంపాలి అన్నాను.

గురప్ప